మంగ్నీ ఉంగరం: రాయి బరువు వేరు, బంగారం బరువు వేరు

సంబంధం ఖాయమైంది. రెండిళ్ల పెద్దలూ కలిసి దువా చేశారు. ఒకరి నోరు ఒకరు తీపి చేసుకున్నారు. మంగ్నీకి ఇంకా నలభై రోజుల గడువుంది. అమ్మాయి వారు గుమ్మం దాటి వెళ్లారో లేదో, మా ఇంట్లో మొదటి ప్రశ్న తలెత్తింది. ఉంగరం ఎలా ఉండాలి?

మా చెల్లెలు సెల్‌ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది. నడుమ పెద్ద రాయి, దానికి అటూ ఇటూ చిన్న చిన్న రాళ్లు. చూడముచ్చటగా ఉంది. "రాళ్లు ఎందుకమ్మా? నిండుగా బంగారం చేయించండి. రేపు అవసరానికి పనికొస్తుంది" అన్నది అమ్మీజాన్. "నా జీతంలోంచి నేనే చేయిస్తాను. అప్పు మాత్రం చేయవద్దు" అన్నాడు మా అబ్బాయి. ముగ్గురి మాటలోనూ న్యాయముంది. ముగ్గురినీ మెప్పించే ఉంగరం కోసం బయలుదేరిన మేము బంగారం గురించి, రాళ్ల గురించి, మన పద్ధతుల గురించి కూడా ఎన్నో సంగతులు తెలుసుకున్నాం. పిల్లల పెళ్లిళ్లు చేయబోయే కుటుంబాలకు పనికొస్తాయని వాటిని ఇక్కడ రాస్తున్నాం.

దాదీమా ఉంగరం చెప్పిన పాఠం

మా ఇంట్లో దాదీమా నాటి ఉంగరం ఒకటి ఉంది. నడుమ ఎర్రరాయి, చుట్టూ చిన్న తెల్లరాళ్లు. చేతిలో పట్టుకుంటే బరువుగా ఉంటుంది. దాన్నిచ్చి కొత్త ఉంగరం చేయిస్తే ఖర్చు సగానికి సగం తగ్గుతుందని లెక్క వేసుకున్నాం.

మొదట వెళ్లిన దుకాణంలో తూకం వేస్తే 7.20 గ్రాములు వచ్చింది. దుకాణదారు భూతద్దం పెట్టి చూశాడు. "ఇందులో రాళ్లున్నాయి, లోపల లక్క ఉంది సాబ్. వాటిని తీసేసి బంగారానికే లెక్క కడతాం" అన్నాడు. నిజమే. పాతకాలపు జడావ్ పనిలో నగ లోపల బోలుగా ఉంచి లక్క నింపేవారు. రాయి కింద మెరుపు కోసం పలుచని వెండి రేకు పరిచేవారు. రాళ్లు ఊడదీసి, లక్క కరిగించి చూస్తే మిగిలిన బంగారం 4.30 గ్రాములే! దాదాపు మూడు గ్రాములు రాళ్లూ లక్కా. మేము బాధపడ్డాం గానీ వాదించలేదు. ఆయన చెప్పింది సబబే కదా.

ఆ తర్వాత ఆయన ఒక కొత్త ఉంగరం చూపించాడు. అదీ అచ్చం మా చెల్లెలి ఫోన్‌లోని బొమ్మలాంటిదే. తూకం 4.80 గ్రాములు. చిట్టీ మీద 4.80 గ్రాములకూ బంగారం ధర వేశాడు. దాని మీద తరుగు వేశాడు, మజూరీ వేశాడు. కింద రాళ్ల ఖరీదు విడిగా వేశాడు.

మా అమ్మీజాన్ చదువుకున్నది అయిదో తరగతి వరకే. ఆమే అడిగింది. "బాబూ, మా ఉంగరం కొనేటప్పుడు రాయి బంగారం కాదన్నావు. నీ ఉంగరం అమ్మేటప్పుడు రాయి కూడా బంగారమెట్లా అయింది?"

దుకాణదారు నవ్వి, "అందరూ ఇట్లాగే ఇస్తారమ్మా" అన్నాడు. మేము రాళ్లనూ బంగారాన్నీ తీసుకుని బయటికి వచ్చేశాం.

వేరు చేసి తూచమన్నారు

ఇంటికి వచ్చాక ఈ ముచ్చట మా మసీదు ఇమామ్ సాహెబుతో చెబితే, ఆయన సహీహ్ ముస్లింలోని ఒక హదీసును గుర్తు చేశారు. ఖైబర్ నాడు ఫజాలా బిన్ ఉబైద్ (రజి) అనే సహాబీ బంగారమూ పూసలూ కలిసి ఉన్న ఒక కంఠహారాన్ని 12 దీనార్లకు కొన్నారు. తర్వాత బంగారాన్నీ పూసలనూ వేరు చేసి చూస్తే బంగారమే 12 దీనార్లకు మించి ఉంది. ఆ సంగతి దైవప్రవక్త (స) దృష్టికి తెస్తే, వేరు చేయకుండా అలాంటిదాన్ని అమ్మరాదని ఆయన సెలవిచ్చారు.

ఇది బంగారు నాణేలిచ్చి బంగారు నగ తీసుకున్న సందర్భం. బంగారానికి బంగారం మార్చుకునేటప్పుడు రెండూ సమానంగా, చేతికి చేయిగా ఉండాలన్నది షరీఅత్ నియమం. దీని వివరాల్లో ఫుఖహాల మధ్య చర్చ ఉంది. పాత నగ ఇచ్చి కొత్తది తెచ్చుకునేవారికి ఉలమాలు చెప్పే తేలిక దారి ఒకటుంది. పాతదాన్ని ముందు నగదుకు అమ్మి, డబ్బు చేతికి తీసుకుని, తర్వాత ఆ డబ్బుతో కొత్తది కొనాలి. వాయిదాల మీద కొనేవారు, చీటీ కట్టి కొనేవారు ముందుగా తమ ఆలింను అడిగి తెలుసుకోవడం మంచిది.

ఈ హదీసులో మనందరికీ పనికొచ్చే ఇంగితం కూడా ఉంది. కలిసి ఉన్నదాన్ని వేరు చేసి చూడనిదే దాని విలువ తెలియదు. దివ్య ఖుర్ఆన్‌లో తూనికల్లో మోసం చేసేవారిని హెచ్చరిస్తూ ఒక సూరా మొదలవుతుంది. తీసుకునేటప్పుడు నిండుగా తీసుకుని, ఇచ్చేటప్పుడు తగ్గించి ఇచ్చేవారి గురించి అందులో ఉంది. ఒకే దుకాణంలో రెండు లెక్కలు చూసి వచ్చిన మాకు ఆ సూరా అర్థం ఆ రోజు ఇంకా బాగా తెలిసింది.

లెక్క ఎలా వేయాలి?

వజ్రాలు, రత్నాలు తూచేది క్యారెట్లలో. ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు. క్యారెట్‌లో నూరో వంతు ఒక సెంటు. బంగారం స్వచ్ఛతను చెప్పే క్యారెట్ వేరు, రాయి బరువు చెప్పే క్యారెట్ వేరు. పేరు ఒకటే గనుక చాలామంది తికమకపడతారు.

మేము చూసిన 4.80 గ్రాముల ఉంగరాన్నే తీసుకోండి. నడుమ రాయి రెండున్నర క్యారెట్లు, అంటే అర గ్రాము. పక్క రాళ్లు అన్నీ కలిపి ఒక క్యారెట్, అంటే 0.20 గ్రాము. మొత్తం రాళ్లు 0.70 గ్రాము. అసలు బంగారం 4.10 గ్రాములు. రాళ్లకు వాటి ఖరీదు ఎలాగూ విడిగా ఇస్తున్నాం. మళ్లీ ఆ 0.70 గ్రాముకు బంగారం ధర కూడా ఇస్తే ఒకే వస్తువుకు రెండుసార్లు చెల్లించినట్టు. తరుగు కూడా బరువు మీదే వేస్తారు గనుక నష్టం అక్కడా పెరుగుతుంది.

కాబట్టి బిల్లులో మొత్తం బరువు, రాళ్ల బరువు, నికర బంగారం బరువు విడివిడిగా ఉండాలి. తరుగు, మజూరీ నికర బరువు మీద వేశారో, మొత్తం బరువు మీద వేశారో అడగాలి. అడగడం అవమానం కాదు. నిజాయితీగల వ్యాపారి అడగకముందే చెబుతాడు. అలాంటివారు మన బజారుల్లో చాలామందే ఉన్నారు.

ఈ వివరం ఏటా రంజాన్‌లో కూడా అక్కరకొస్తుంది. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ మజ్‌హబ్ ప్రకారం, నిసాబ్ ఉన్నవారు ధరించే బంగారానికి కూడా జకాత్ ఇవ్వాలి. ధరించడానికి ఉంచుకున్న వజ్రాలకూ రత్నాలకూ జకాత్ లేదు. బిల్లులో నికర బంగారం రాసి ఉంటే లెక్క చిటికెలో తేలిపోతుంది.

అమ్మాయిని అడిగారా?

ఇంత హడావుడి చేసిన మాకు, ఉంగరం పెట్టుకోబోయే అమ్మాయిని అడగాలన్న ఆలోచన ఆలస్యంగా వచ్చింది. మా ఆవిడ ఫోన్ చేసి వాళ్ల ఖాలా ద్వారా అడిగించింది. జవాబు మర్నాడు వచ్చింది. "వుజూ చేసేటప్పుడు, పిండి కలిపేటప్పుడు తీసి పక్కన పెట్టనక్కర్లేని ఉంగరమైతే చాలు. తీసి పెట్టిన ఉంగరాలే పోతాయి కదా!"

ఆ ఒక్క మాటతో మా పని సగం తేలికైంది. ఉంగరం ఎలా కనబడాలి అని ఆలోచించడం మాని, ఎలా బతకాలి అని ఆలోచించసాగాం.

ఈసారి తెలిసినవారి ద్వారా హైదరాబాదు పాతబస్తీలో, చార్‌కమాన్ దాపున ఉన్న ఒక కార్ఖానాకు వెళ్లాం. పై అంతస్తులో చిన్న గది. బెంగాల్ నుంచి వచ్చిన కారిగార్లు వంచిన తల ఎత్తకుండా రాళ్లు పొదుగుతున్నారు. ముప్పై ఏళ్లుగా ఇదే పని చేస్తున్న పెద్దాయన మాకు చాలా విషయాలు విడమరిచి చెప్పాడు.

మొదటిది రాయి గట్టిదనం. గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకు కొలుస్తారు. వజ్రం 10. కెంపు, నీలం 9. పుష్యరాగం పేరుతో అమ్మే టోపాజ్ 8. పచ్చ ఏడున్నర నుంచి 8. ఫిరోజా 5, 6 మధ్య. పగడం 3, 4 మధ్య. ముత్యం ఇంకా మెత్తన. గాలిలోని దుమ్ములో ఇసుక రేణువులుంటాయి. వాటి గట్టిదనం 7. అంతకంటే మెత్తని రాయిని రోజూ వేలికి పెట్టుకుంటే గీతలు పడక తప్పదు. ముత్యానికి అత్తరు, సబ్బు, పులుపు పడవు. చాలా పచ్చల్లో సహజంగానే సన్నని పగుళ్లుంటాయి. అవి కనబడకుండా నూనె పట్టిస్తారు. వేడినీళ్లు, సబ్బు తగిలితే ఆ నూనె పోతుంది. ముత్యం, పచ్చ చెవులకూ మెడకూ బాగుంటాయి. అనుదినం నీళ్లలో మునిగే వేలికి వజ్రం, కెంపు, నీలం మేలు.

రెండోది పొదిగే తీరు. కుందన్ పనిలో రాయి వెనుక రేకు ఉంటుంది, వెనుకభాగం మూసి ఉంటుంది. సందులోంచి నీరు చేరితే రేకు నల్లబడి రాయి కళ తప్పుతుంది. రోజుకు అయిదుసార్లు వుజూ చేసే చేతికి రాయి వెనుక తెరిచి ఉంచిన పని మంచిది. నీరు చేరినా ఆరిపోతుంది. పాత బ్రష్‌తో గోరువెచ్చని నీళ్లలో కడుక్కోవచ్చు. ఉంగరం బిగుతుగా ఉంటే వుజూలో దాన్ని కదిలించి కింద తడి చేరేలా చూసుకోవాలన్న మసలా మనకు తెలిసిందే. అందుకే మరీ బిగుతు కొలత పనికిరాదు. ఉదయం చలికి వేళ్లు సన్నబడతాయి, ఎండలో ఉబ్బుతాయి. కొలత సాయంత్రం పూట తీయించాలి.

మూడోది పక్క రాళ్లు. "సాబ్, పోయేది ఎప్పుడూ పక్క రాళ్లే. పెద్ద రాయిని అందరూ చూసుకుంటారు, చిన్నవాటిని ఎవరూ చూడరు" అన్నాడు పెద్దాయన. ఉంగరం చుట్టూరా రాళ్లు పొదిగితే తర్వాత కొలత పెంచడం, తగ్గించడం కుదరదు. అరచేతి వైపు రాళ్లు గిన్నెలకూ బకెట్ పిడికీ రాసుకుని ఊడతాయి. అందుకని కింది సగం సాదాగా ఉంచాలి. వలయం మరీ పలుచనైతే వంగుతుంది. వంగితే రాళ్లు సడలుతాయి. కనీసం ఒకటిన్నర మిల్లీమీటరు మందం ఉండాలన్నాడు. రాయి ఎత్తుగా నిలబడితే దుపట్టా జరీకి పట్టుకుంటుంది. కిందికి దించి పొదిగితే మెరుపు కొంచెం తగ్గినా ఆయుష్షు పెరుగుతుంది.

బంగారం ఎంత? రాయి అసలుదేనా?

మన ఇళ్లలో 22 క్యారెట్ల బంగారమంటేనే బంగారం. అందులో నూటికి 91.6 పాళ్లు స్వచ్ఛమైన బంగారం ఉంటుంది. కానీ అది మెత్తన. చిన్న రాళ్లను పట్టుకునే సన్నని గోళ్లు రోజువారీ వాడకంలో వంగిపోతాయి. అందుకే రాళ్ల ఉంగరాలను సాధారణంగా 18 క్యారెట్లలో, అంటే నూటికి 75 పాళ్ల బంగారంలో చేస్తారు. ఇది మోసం కాదు. 18 క్యారెట్లని చెప్పి, ఆ ధరే తీసుకుంటే న్యాయం. 22 ధర తీసుకుని 18 ఇస్తేనే మోసం.

దీనికి రక్షణ హాల్‌మార్క్. మన దేశంలో 2021 జూన్ నుంచి దశలవారీగా దీన్ని తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాలూ అంకెలూ కలిసిన హెచ్‌యూఐడీ సంఖ్య ఉన్న హాల్‌మార్క్ నగలే అమ్మాలన్న నిబంధన వచ్చింది. ఉంగరం లోపలి వైపు బీఐఎస్ గుర్తు, 22కే916 లేదా 18కే750 అన్న స్వచ్ఛత గుర్తు, ఆ ఆరు అక్షరాల సంఖ్య ఉంటాయి. బీఐఎస్ కేర్ అనే మొబైల్ యాప్‌లో ఆ సంఖ్య కొట్టి సరిచూసుకోవచ్చు. రెండు గ్రాముల లోపు నగలకు, కుందన్, పోల్కీ, జడావ్ నగలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. ఇంకొక మాట. హాల్‌మార్క్ బంగారానికే గానీ రాళ్లకు కాదు.

ఇక రాళ్ల సంగతి. ఫ్యాక్టరీలో తయారయ్యే ల్యాబ్ వజ్రాలు ఇప్పుడు విరివిగా వస్తున్నాయి. అవీ కర్బనమే, గట్టిదనమూ అంతే. కంటితో తేడా చెప్పలేం. ధర మాత్రం గని వజ్రం కంటే చాలా తక్కువ. తెలిసి కొనుక్కుంటే తప్పేమీ లేదు. అమెరికన్ డైమండ్ పేరుతో అమ్మేది మాత్రం వజ్రమే కాదు. పెద్ద రాయికి ల్యాబ్ సర్టిఫికెట్ అడిగి తీసుకోవచ్చు. చిన్న పక్క రాళ్లకు ఒక్కొక్కదానికి సర్టిఫికెట్ సాధారణంగా ఇవ్వరు. కాబట్టి అవి గని వజ్రాలా, ల్యాబ్ వజ్రాలా, ఎన్ని, మొత్తం ఎన్ని సెంట్లు అన్నది బిల్లు మీదే రాయించుకోవాలి.

వజ్రం మనకు కొత్తదేమీ కాదు. 1720లలో బ్రెజిల్‌లో దొరికే వరకు ప్రపంచానికి వజ్రాలు ప్రధానంగా వెళ్లింది మన దేశం నుంచే. అందులో కృష్ణా తీరాన ఉన్న కొల్లూరు గనుల పేరు జగమెరిగినది. ఆ ఊరు ఇప్పటి పల్నాడు జిల్లాలోనిది. అయితే నిశ్చితార్థానికి వజ్రపుటుంగరం ఉండి తీరాలన్న భావన మన తాతలది కాదు. డీబీర్స్ అనే వజ్రాల కంపెనీ అమెరికాలో ప్రకటనలతో దానికి ప్రచారం కల్పించింది. వజ్రానికీ శాశ్వత ప్రేమకూ ముడిపెట్టిన దాని ప్రసిద్ధ నినాదం 1947 నాటిది. ఉంగరానికి రెండు నెలల జీతం ఖర్చు పెట్టాలన్న కొలత కూడా 1980లలో ఆ ప్రకటనలే నేర్పాయి. షరీఅత్‌లో అలాంటి కొలత ఏదీ లేదు. మహర్‌గా ఇవ్వడానికి ఏమీ లేని ఒక పేద సహాబీతో, ఇనుప ఉంగరమైనా వెతికి తెమ్మని దైవప్రవక్త (స) చెప్పిన సంగతి మనకు తెలుసు.

ఉంగరం ఎవరిది?

మంగ్నీ అంటే మాట ఇచ్చుకోవడం. నికాహ్ కాదు. అందుకే మన ఇళ్లలో అబ్బాయి తల్లి గానీ అక్కచెల్లెళ్లు గానీ అమ్మాయికి ఉంగరం తొడుగుతారు. ఆ ఉంగరం కానుకా, లేక మహర్‌లో భాగమా అన్నది మాత్రం చాలా ఇళ్లలో ఎవరూ నోరు విప్పి చెప్పరు. అంతా బాగున్నప్పుడు ఆ ప్రశ్న రాదు. మాట తప్పిపోయిన రోజున, దేవుడు అలాంటిది ఎవరికీ రానీయకూడదు, అదే పెద్ద తగవు అవుతుంది. మేము ఆ పొరపాటు చేయదలచుకోలేదు. ఇది కానుక, మహర్ దీనికి వేరు, నికాహ్ అయ్యాక దీని మీద పూర్తి హక్కు అమ్మాయిదే అని ముందుగానే పెద్దల ఎదుట చెప్పాం.

ఇంకొక చిక్కు వచ్చింది. మేము ఉంగరం పెడుతున్నామని తెలిసి, అమ్మాయి తండ్రి మా అబ్బాయికి ఒక కాసు బంగారపు ఉంగరం చేయించబోతున్నారని కబురందింది. ఆయన చిన్న ఉద్యోగి. ఇంకా ఇద్దరు ఆడపిల్లలున్నారు. మేమే వెళ్లి, "భాయ్‌సాబ్, మగవాడికి బంగారం నిషిద్ధమని మీకు తెలియనిది కాదు. మీరు ఇవ్వాలనుకుంటే చిన్న వెండి ఉంగరం ఇవ్వండి" అన్నాం. హనఫీ ఫుఖహాలు మగవారి వెండి ఉంగరాన్ని ఒక మిస్ఖాల్, అంటే సుమారు 4.37 గ్రాముల లోపు ఉంచమన్నారు. దాని ఖరీదెంత? ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "లోకం ఏమనుకుంటుందోనని..." అని ఆగిపోయారు. లోకం అనుకునేదాని కోసం ఎన్ని ఇళ్లు తాకట్టుకు వెళ్లాయో మనకు తెలియదా? వాళ్ల అమ్మాయి వేలికి ఉంగరం తొడిగి, వాళ్ల ఇంటిని కుదువ పెట్టించడం సంబంధం అవుతుందా?

చివరికి...

దాదీమా ఎర్రరాయిని పరీక్ష చేయిస్తే అసలైన కెంపేనని తేలింది. 1.60 క్యారెట్లు. దాన్నే నడుమ ఉంచాం. చుట్టూ ఉన్న తెల్లరాళ్లు గాజువని తేలడంతో వాటిని వదిలేసి, అటొకటి ఇటొకటి పది సెంట్ల ల్యాబ్ వజ్రాలు పెట్టించాం. కంప్యూటర్ మీద బొమ్మ గీసి, మైనంతో నమూనా చేసి ఇచ్చారు. ఆ మైనపు ఉంగరాన్ని మా ఆవిడ అమ్మాయి వేలికి పెట్టి చూసి వచ్చింది. కొంచెం వదులు చేయించాం. ఆ తర్వాతే బంగారం పోత పోశారు.

బిల్లులో ఇలా ఉంది. మొత్తం బరువు 4.26 గ్రాములు. రాళ్లు 0.36. నికర బంగారం, 18 క్యారెట్లు, 3.90 గ్రాములు. పాత బంగారం నగదుకు అమ్మగా వచ్చిన డబ్బుకు మా అబ్బాయి తన జీతంలోంచి కొంత కలిపాడు. అప్పు చేయలేదు.

మంగ్నీ రోజు అమ్మీజానే ఉంగరం తొడిగింది. డబ్బీతో పాటు మడిచిన బిల్లు కూడా అమ్మాయి చేతికిచ్చింది. అందరూ నవ్వారు. అమ్మీజాన్ నవ్వలేదు. "బేటీ, ఇందులో రాయి ఎంతో, బంగారం ఎంతో రాసి ఉంది. నీ దగ్గర దాచిపెట్టినది ఏదీ లేదు. మా ఇంట్లో నీకు అన్నీ ఇట్లాగే చెబుతాం" అన్నది.

ఉంగరం చిన్నదైనా పెద్దదైనా, రాళ్లున్నా లేకున్నా, రెండు కుటుంబాల మధ్య మొదటి లావాదేవీ అదే. అది నిజాయితీగా జరిగితే తర్వాతి బతుకుకు పునాది పడినట్టే. అల్లాహ్ మన పిల్లల సంబంధాల్లో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.